బోణీ కాకముందు

మా ఇంటికి వచ్చే కొత్త లాయర్లు, ముఖ్యంగా ఆడపిల్లలు, నా బీరువా తెరిచినప్పుడల్లా ముక్కున వేలేసుకుంటారు. చీరలుండాల్సిన అరల్లో తువ్వాళ్లు. తెల్లవి, గళ్లవి, ఎర్రంచువి, మడత విప్పనివి. "ఏటమ్మా ఇది, రిటైరయ్యాక తువ్వాళ్ల యాపారం పెట్టీసినారా?" అని మొన్న ఒకమ్మాయి అడిగింది. పెట్టానే తల్లీ, కాకపోతే కొనడమే తప్ప అమ్మడం లేదు అన్నాను. ఆ పిల్ల పకపకా నవ్వింది. నవ్వాల్సిన సంగతి కాదు గనక కూర్చోబెట్టి చెప్పాను. ఆమెకి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను. నల్లకోటు కొత్తగా తొడిగినవాళ్లు కాస్త నిదానంగా చదవండి.

నేను ఒడిశాలోని బరంపురంలో సర్కారీ వకీలుగా పనిచేసి రిటైరయ్యాను. మేజిస్ట్రేటు కోర్టులో పోలీసు కేసుల్ని ప్రభుత్వం తరఫున నడిపించే పని. మొదట ఛత్రపురం, తర్వాత చాలాకాలం భంజనగర్, చివర్లో సొంతూరు. మా నాన్నకి ఇక్కడే బజారులో ఇత్తడి సామాన్ల కొట్టు ఉండేది. షాపుకారు ఇంట్లో పుట్టి కోర్టు మెట్లెక్కానని మా పెదనాన్న బతికున్నన్నాళ్లూ నన్ను ఎత్తిపొడిచాడు. "మనం తగువొస్తే తప్పుకునీవోళ్లం. ఇదేటి, తగువుల్ని ఎతుక్కుంటా ఎల్తాది!" అనేవాడు. ఆయన అన్నది అబద్ధం కాదు. ఈ కథకి మూలం కూడా ఆ తప్పుకోవడంలోనే ఉంది.

దొంగ మన కన్నుగప్పి పట్టుకుపోతాడు. దోపిడీగాడు మీదపడి లాక్కుపోతాడు. మూడో రకం వాడొకడున్నాడు. వాడు మన గుమ్మంలోనే కూర్చుని, మన చేత్తోనే ఇప్పించుకుని, మన చేత నమస్కారం కూడా పెట్టించుకుని పోతాడు. మా ఊళ్లో దాన్ని దాదాబటి అంటారు, ఒడియావాళ్లూ మనవాళ్లూ కూడా. పాత శిక్షాస్మృతిలో అది మూడువందల ఎనభై నాలుగో సెక్షను, మూడేళ్ల దాకా జైలు. కొత్త సంహితలో మూడువందల ఎనిమిదయింది, జైలు ఏడేళ్ల దాకా పెరిగింది. అంకెలు మారాయి గానీ చట్టం అడిగే ప్రశ్న మారలేదు. వాడు భయపెట్టాడా? ఆ భయం వల్లే నువ్విచ్చావా? ఇచ్చినవాడు బోనులో నిలబడి "అవును, భయపడే ఇచ్చాను" అనాలి. అనకపోతే అది దానం కింద లెక్క.

కూలివాడు ఆ మాట అంటాడు. బస్టాండులో పళ్లమ్మే మనిషి అంటుంది. షాపుకారు అనడు. నాలుక కోసుకుంటాడు గానీ అనడు. ఫలానా కొట్టాయన బెదిరిస్తే ఇస్తాడని ఒక్కసారి తెలిసిందంటే మర్నాటినుంచి గుమ్మం ముందు బెదిరించేవాళ్లు వరసకడతారు. అరువు మీద సరుకు పంపే నేతవాళ్లు కూడా వెనకాడతారు. పిరికివాడి కొట్లో సరుకు నిలవదని వాళ్ల నమ్మకం. చట్టానికేమో ఆ ఒక్క మాటే కావాలి. నా ఉద్యోగం పొడుగునా ఇలాంటి కేసులన్నీ ఆ మాట దగ్గరికొచ్చి చతికిలపడ్డాయి.

నేను చెప్పేది ఒక పట్టుచీరల కొట్టాయన కేసు. వాళ్ల తాతగారు పెట్టిన కొట్టు. పొలసర వైపు నుంచి కూడా పెళ్లి బేరాలు వెతుక్కుంటూ అక్కడికే వచ్చేవి. గుమ్మం పక్కన ఒక బల్ల మీద తువ్వాళ్లు, పంచెలు పెట్టేవాడు, చిన్న బేరాలకి. మనిషి మెత్తన. గట్టిగా తుమ్మితే తనే ఉలిక్కిపడే రకం. భార్య ఆయనకి రెండింతలు గట్టిది. మా పుట్టింటి వీధి పిల్ల, చుట్టరికం లేకపోయినా నన్ను వదినా అంటుంది.

ఆ వీధికి పూజ కమిటీ అని ఒకటుండేది. కమిటీ అంటే ఒక్కడే. పేరెందుకు, ఎప్పుడూ ఇస్త్రీ నలగని తెల్లచొక్కాలో ఉంటాడు గనక తెల్లచొక్కా అందాం. ముప్పై దాటిన మనిషి. తెలుగూ ఒడియా రెండూ తేనె కారేట్టు మాట్లాడతాడు. పెద్దవాళ్లు కనబడితే కాళ్లకి దణ్ణం పెడతాడు. ఏనాడూ గొంతు పెంచలేదు. కొట్లోకి వచ్చి, కూర్చుని, మంచినీళ్లు అడిగి తాగి, తల పైకెత్తి మీటరు బోర్డు వైపు చూసేవాడు. "వైరింగ్ పాతదయిపోనాదే. బట్టల కొట్టు కదా, జాగర్త సూసుకోండి" అనేవాడు. తర్వాత అమ్మవారి పూజ సంగతి ఎత్తి పట్టుచీరలు అడిగేవాడు. ఒకటి అమ్మవారికి. మిగతావి ఎవరికో అమ్మవారికే తెలియాలి.

వీధి చివర ఇంకో బట్టల కొట్టాయన ఆ మాటకి నవ్వి వాణ్ని పంపేశాడు. ఆ చలికాలంలోనే ఆయన కొట్టు బూడిదయింది. షార్ట్ సర్క్యూట్ అని తేల్చారు. అయ్యుండొచ్చు, కాదనడానికి నా దగ్గర సాక్ష్యం లేదు. కానీ ఆ తర్వాత తెల్లచొక్కా ఎవరి వైరింగ్ గురించి అడిగినా ఎవరూ నవ్వలేదు.

ఒక ఉదయం మన పట్టుచీరల కొట్టు తెరిచీ తెరవకముందే వాడొచ్చాడు. కొట్టాయన మంచి చీరలున్న పెట్టె దింపి, నవ్వు మొహంతో, రెండు చేతులతో అందించాడు. భార్య వెనక గదిలో ఉంది. వాడు వెళ్లాక బయటికొచ్చి చూస్తే ఆయన గల్లాపెట్టె పక్కన కూలబడి, "కొట్టు మిగిలింది, కొట్టు మిగిలింది" అని తనలో తను అనుకుంటున్నాడు. ఆమె చెప్పులేసుకుని తిన్నగా పోలీసు స్టేషనుకి నడిచింది. ఆ ఇంట్లో మగతనం ఎవరిదో నాకు ఆ రోజే తెలిసిందని నేనంటే, "ఊరుకో వదినా, నాకూ బయమేసింది. అయినా ఎల్లినాను" అంది.

కేసు కట్టింది ఒక కొత్త ఎస్సై, భంజనగర్ వైపు ఒడియా అమ్మాయి. మంచి పిల్ల, నిజాయితీ ఉన్న పిల్ల. భార్య ముందు నిలబడి ఉండగా కొట్టాయన కూడా స్టేషనులో భయపడ్డ మాట ఒప్పుకున్నాడు. ఆ వీధిలో చీరలిచ్చిన మిగతా షాపుకార్లని కూడా ఎస్సై పట్టుకొచ్చింది. అంతవరకూ బాగానే ఉంది. వాళ్ల మాటలు రాయడం మాత్రం స్టేషను రైటరుకి అప్పజెప్పింది. ఆ మహానుభావుడు అందరి నోట్లోనూ ఒకే వాక్యం పెట్టేశాడు: "ముద్దాయి మాటలకు భయభ్రాంతుడనై, ప్రాణభీతితో, గత్యంతరం లేక." కోర్టులో డిఫెన్సు వకీలు లేచి ఆ కాగితాలన్నీ వరసగా, రాగం తీసి చదివాడు. రెండోదానికి జనం నవ్వాపుకోలేక మూతులు మూసుకున్నారు, మూడోదానికి మేజిస్ట్రేటు గారే నవ్వారు. "షాపుకార్లందరూ కలిసి భజన నేర్చుకున్నట్టున్నారు" అన్నాడా ముసలి వకీలు. ఎస్సై మొహం కందగడ్డయిపోయింది. బయటికొచ్చాక నేను ఆ పిల్లని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. మేడం, సెలవు లేకుండా పండగ డ్యూటీలు చేస్తూ రాయించాను అంది, కళ్లనీళ్లతో. తిట్టిన నోటితోనే టీ తాగమన్నాను, ఇంకేం చెయ్యను.

ఆ షాపుకార్లు ఒక్కొక్కరే బోనెక్కి ప్లేటు మార్చేశారు. అమ్మవారికి ఇష్టపడే ఇచ్చాం అన్నారు. ఇక మిగిలింది మన కొట్టాయన ఒక్కడు, ఆయన కొట్లోని సీసీ కెమెరా తీసిన వీడియో బొమ్మ ఒకటి. ఆ బొమ్మని సాక్ష్యంలో పెట్టమని ఉబలాటపడింది నిజానికి డిఫెన్సు వకీలే. అందులో మాట వినబడదు. నవ్వుతూ రెండు చేతులతో ఇవ్వడం మాత్రం శుభ్రంగా కనబడుతుంది. "ఇంతకన్నా ఇష్టపూర్తి ఎక్కడుంటుంది, మేడం?" అని నన్నే అడిగాడు, జర్దా పాన్ నములుతూ.

కొట్టాయన సాక్ష్యానికి ముందు ఆ బొమ్మ మళ్లీ వేసుకుని చూశాను. నవ్వు నిజంగానే ఉంది. చేతులు రెండూ ఉన్నాయి. చూడగా చూడగా నా కన్ను ఆ ఇద్దరి మీంచి జారి గల్లాపెట్టె మీద పడింది. మూత మీద ఒక బంతిపువ్వు ఉంది.

మీలో చాలామంది కొట్టింటి పిల్లలు కారు గనక చెప్తాను. మా ఇళ్లల్లో పొద్దున్నే కొట్టు తెరిచి, దీపం పెట్టి, గల్లాపెట్టెకి పసుపూ కుంకుమా పెట్టి, మూత మీద పువ్వు పెడతారు. మొదటి బేరం తగిలి, ఆ డబ్బు కళ్లకద్దుకున్నాకే పువ్వు తీసి మూత తెరుస్తారు. అదే బోణీ. బోణీ కాకుండా కొట్లోంచి పూచికపుల్ల బయటికి పోదు. అరువు లేదు, చందా లేదు, బిచ్చం కూడా లేదు. బోణీకి వచ్చిన బేరాన్ని తిప్పి పంపరు, ఊరికే మాత్రం ఏదీ ఇవ్వరు. బోణీ చేసే చెయ్యి మంచిదై ఉండాలని కూడా చూస్తారు. మావారు పోయాక నేనెప్పుడూ పొద్దున్నే కొట్లకి వెళ్లలేదు. ఎవరూ రావద్దనలేదు. మనకే తెలుస్తుంది. గుమ్మంలో నన్ను చూసి మొహమాటంగా సర్దుకునే ఆ చూపు పడలేక, ఎండెక్కాకే సంచీ తీసుకుని బయల్దేరడం అలవాటయింది.

బొమ్మలో చీరల పెట్టె గుమ్మం దాటింది. పువ్వు మూత మీదే ఉంది. ఇంకాసేపటికి మార్కండి నుంచి చేపల గంపతో ఊళ్లోకొచ్చిన ఒకావిడ తువ్వాలు కొని డబ్బిచ్చింది. అప్పుడు తీశాడు పువ్వు. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఒంటరిగా ఉన్నాను గనక సరిపోయింది గానీ, ఎవరైనా చూస్తే ఈవిడకి దెయ్యం పట్టిందనుకునేవారు.

ఆయన సాక్ష్యం రోజున సగం బజారు కోర్టులోనే ఉంది. ఈ కొట్టాయన ఏం చెప్తాడో వినడానికి కాదు, భయపడ్డానంటాడా అనడా అని చూడ్డానికి. అక్కడ మాటలన్నీ ఒడియాలో, నేను తెలుగులో పెడుతున్నాను.

మొదటి ప్రశ్నకే తిరగబడ్డాడు. "అమ్మవారి పూజకి ఇష్టపడి ఇచ్చాను. నాకెవరి భయం?" అన్నాడు. వెనక బెంచీలో భార్య తలవంచుకుంది. కోర్టు అనుమతి తీసుకుని నా సాక్షినే నేను ఎదురు ప్రశ్నలు వెయ్యడం మొదలుపెట్టాను. స్టేషనులో చెప్పిన మాట గుర్తు చేశాను. నేను చెప్పలేదు, వాళ్లే రాసుకున్నారు అన్నాడు. డిఫెన్సు వకీలు కళ్లు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలాడు.

"మీ కొట్లో బోణీ పట్టింపు ఉందా?" అని అడిగాను.

"ఎందుకుండదు?" అన్నాడు. నేను ఇలాంటి తేలిక ప్రశ్న అడిగినందుకు ఆయనకి ప్రాణం కుదుటపడింది.

"బోణీ కాకుండా అరువిస్తారా?"

"ఇవ్వను."

"మీ మేనల్లుడొచ్చి జేబురుమాలు ఊరికే ఇమ్మంటే?"

"కాసేపు కూర్చోమంటాను."

జనం నవ్వారు. ఆయనా నవ్వాడు.

"అమ్మవారికయితే?"

"అమ్మవారికయినా బోణీ అయ్యాకే. మా తాతగారి కాలం నుంచీ అంతే" అన్నాడు, బజారు వైపు చూస్తూ, కాస్త గర్వంగానే.

అప్పుడు బొమ్మ వెయ్యమన్నాను. పెట్టె చేతులు మారే చోట ఆపించి, గల్లాపెట్టె మూత మీద ఏముందో చెప్పమన్నాను.

ఆయన చూశాడు. చూస్తూనే ఉన్నాడు. నవ్వు పోయింది. "పువ్వు" అన్నాడు, సగం గొంతుతో. మేజిస్ట్రేటు గారు కలం ఆపి తలెత్తారు. "బఉణి?" అని అడిగారు. ఒడియావాళ్లకీ అదే మాట, అదే పట్టింపు. ఆయనకి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేకపోయింది.

"ఆ టైముకి మీ బోణీ అయిందా?" అన్నాను.

మా వాళ్లు అన్నంమీద ప్రమాణం చేసి అబద్ధం ఆడగలరేమో గానీ గల్లాపెట్టె మీద ఆడలేరు. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే అడిగాను. ఆయన ఒడియా వదిలేసి, కోర్టు వైపు చూడ్డం మానేసి, నాకొక్కదానికే చెప్తున్నట్టు తెలుగులోకి దిగిపోయాడు.

"అవనేదమ్మా. ఇంకా అవనేదు."

"మరెందుకిచ్చారు?"

"కొట్టు కాలిపోద్దని బయమేసిందమ్మా. మా తాత కొట్టు. ఆడలగ పైకి సూసీసరికి నా సేతులు నా మాటినలేదు. పువ్వు కూడా తియ్యకండా ఇచ్చీసినాను. అమ్మవారి పువ్వు తియ్యకండానే ఇచ్చీసినాను." బోను కర్ర పట్టుకుని, ఇంతమంది ఎదుట, పసివాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

నేను దాన్ని ఒడియాలో చెప్పబోతే డిఫెన్సు వకీలు తుళ్లిపడి లేచి అభ్యంతరం చెప్పాడు. మా కోర్టు గుమాస్తా, పేష్కారు, తెలుగాయనే, ఆయనే ఒడియాలో చెప్పాడు. మేజిస్ట్రేటు గారు సాక్షిని మెల్లగా అడిగి, ఔనా కాదా అని మళ్లీ రూఢి చేసుకుని రాసుకున్నారు. నాకు గర్వం వచ్చింది. దాచుకోవడమెందుకు, చాలా గర్వం వచ్చింది. నా సర్వీసంతా నా చేతికి చిక్కని మాట ఆ రోజు చిక్కింది. ఎస్సై పిల్ల వరండాలో నన్ను పట్టుకుని ఎగిరినంత పని చేసింది. ముద్దాయి బోనులో నిలబడ్డ తెల్లచొక్కాని మాత్రం నేను సరిగా గమనించలేదు. వాడు మొదటినుంచి చివరిదాకా ఒక్క మాట పోకుండా విన్నాడని ఎస్సై తర్వాత చెప్పింది. బోణీ సంగతి వాడికి కొత్త కాదు, ఊళ్లోవాడే. కొట్టాయన తన ప్రాణం ఎక్కడ పెట్టుకున్నాడో మాత్రం వాడు ఆ రోజే చూశాడు.

రెండేళ్లు శిక్ష పడింది. పత్రికలో కూడా చిన్నగా వచ్చింది. మూడేళ్లకి మించని శిక్ష అయితే, అప్పటికే బెయిలు మీద ఉన్నవాడికి అప్పీలు చేసుకోవడానికి శిక్ష వేసిన కోర్టే బెయిలిస్తుంది. చట్టంలో ఉన్నదే, తప్పేమీ లేదు. తీర్పు చెప్పిన సాయంత్రమే తెల్లచొక్కా మెట్లు దిగి, కింద నిలబడ్డ నాకు నమస్కారం పెట్టాడు. "బాగా వాదించినారు, మాఉసీ" అన్నాడు. మాఉసీ అంటే పిన్ని. వాడి గొంతులో వెటకారం వెతికాను. దొరకలేదు.

తర్వాత కొన్నాళ్లకే నేను రిటైరయ్యాను. సన్మానం చేసి శాలువా కప్పి ఇంటికి పంపారు. కొట్టాయన రాలేదు. భార్య వచ్చింది గానీ వెనకే కూర్చుని వెళ్లిపోయింది. బజారులో మాట పాకిపోయింది, భయపడి ఇచ్చేశానని కోర్టులో ఏడ్చాడట అని. నేతవాళ్లు అరువివ్వడం మానేశారు. తోటి షాపుకార్లు, అబద్ధం చెప్పి తప్పించుకున్న వాళ్లే, ఆయన్ని చూస్తే దారి మళ్లేవారు. ఏ మాట అంటే ఏమవుతుందని ఆయన భయపడ్డాడో సరిగ్గా అదే అయింది. దాన్నెలాగో ఓర్చుకున్నాడు. పెళ్లి బేరాలు తగ్గినా చిన్న బేరాలతో నెట్టుకొచ్చాడు.

ఒకరోజు ఆయన భార్య మా ఇంటికొచ్చి, వంటింటి గుమ్మంలో కూర్చుని, చెప్పడానికి మాటలు వెతుక్కుంది.

"ఆడు రోజూ వొస్తన్నాడు వదినా."

"ఎవడు? మళ్లీ చీరలడుగుతున్నాడా?"

"అడగట్లేదు. కొంటన్నాడు. మేం తలుపు తీసీసరికి మెట్టు మీద కూసుని ఉంటాడు. ముందుగా లోనికొచ్చి ఒక తువ్వాలు తీసుకుని, ధర ఎంతుంటే అంత సేతులో పెడతాడు. బేరమాడడు. డబ్బులు కళ్లకద్దుకుని పువ్వు తీసీదాకా నిలబడి సూస్తాడు. పైకి సూసి, వైరింగ్ మార్పించినారు, మంచి పని సేసినారు అంటాడు. ఎల్లిపోతాడు."

రోజూ. ఆదివారం సెలవు తప్ప రోజూ. కొట్టాయన ఆలస్యంగా తీసి చూశాడు. వాడు మెట్టు మీద పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు. వేరే బేరాలొస్తే, "నా బోణీ అయినాక రండి బాబూ" అని నవ్వుతూ పంపేశాడు. మొహం మీద తలుపెయ్యమని భార్య అంది. "బోణీ బేరాన్ని తోలీమంటావేటే!" అని ఆయన ఆమె మీదికి లేచాడు, కాపురంలో మొదటిసారి. రాత్రి అన్నం సహించడం లేదు. మీటరు బోర్డు కింద మంచం వేసుకుని పడుకుంటున్నాడు.

నేను మొత్తం చట్టం తిరగేశాను. బెదిరింపు సెక్షనుకి బెదిరింపు కావాలి. వైరింగ్ మార్పించడం మంచిదే అనడం బెదిరింపు ఎలా అవుతుంది? వెంటాడడం అనే సెక్షను ఉంది, అది ఆడవాళ్ల కోసం రాసింది, షాపుకారుకి పనికిరాదు. నా తర్వాత వచ్చినవాళ్లని బతిమాలి, పై కోర్టులో బెయిలు రద్దుకి దరఖాస్తు పెట్టించాను. వెనక బెంచీలో కూర్చుని విన్నాను. "ధర ఇస్తున్నాడా?" అని జడ్జి గారు అడిగారు. ఇస్తున్నాడన్నారు. "ఎక్కువేమైనా అడుగుతున్నాడా?" లేదన్నారు. "మరి కొనుక్కోవద్దని ఏ చట్టం కింద చెప్పమంటారు?" నవ్వులు. దరఖాస్తు కొట్టేశారు. వాళ్లని తప్పుపట్టలేను. ఆ కుర్చీలో నేనున్నా అదే అడిగేదాన్ని. ఇంటికొచ్చి తలుపేసుకుని మాత్రం ఏడ్చాను.

మర్నాడు కొట్టాయన భార్యకి ఫోను చేసి, మీ బోణీ వాడికంటే ముందు ఇంకెవరైనా చేస్తే సరి కదా అన్నాను. "ఎవుళ్లొస్తారు వదినా? ఆడక్కడ కూసునుంటే ఎవుళ్లకి గుండెలున్నాయి?" అంది. మళ్లీ తనే, "నువ్వు రా" అంది.

"నేను బోణీకి పనికొస్తానేటే?" అన్నాను. ఇన్నేళ్లలో ఆ మాట నేను బయటికి అనడం అదే మొదలు. ఫోను చేతులు మారిన చప్పుడయింది. కోర్టు తర్వాత మొదటిసారి కొట్టాయన గొంతు విన్నాను.

"రండమ్మా. ఆడు బోణీ సేసినాక మాకింకేటి అపశకునం మిగిలిందండి."

అది పిలుపో, దెప్పో, నాకు ఈ రోజుకీ తెలీదు. రెండూ అయ్యుండొచ్చు. వెళ్లాను. తెల్లారగానే స్నానం చేసి, నుదుట బొట్టు పెట్టుకుని, వాడికంటే ముందు ఆ మెట్టు మీద కూర్చున్నాను. వాడొచ్చి నన్ను చూసి ఒక్క క్షణం ఆగాడు. వెంటనే నమస్కారం పెట్టి పక్కకి జరిగాడు. "మీరే ముందు మాఉసీ. పెద్దోరు" అన్నాడు. నేనొక తువ్వాలు కొన్నాను. కొట్టాయన నా డబ్బు కళ్లకద్దుకుని, నా వంక చూడకుండా, పువ్వు తీశాడు. తర్వాత వాడూ ఒక తువ్వాలు కొనుక్కుని వెళ్లాడు.

అలా మొదలైంది నా తువ్వాళ్ల వ్యాపారం. అప్పీలు ఇంకా నడుస్తోంది. ఆయన ఈ మధ్య రాత్రి అన్నం తింటున్నాడని భార్య చెప్పింది. మంచం మళ్లీ గదిలోకి మార్చారు. ఎస్సై పిల్లకి బదిలీ అయిపోయింది, ఈ ఊరొచ్చినప్పుడల్లా యూనిఫారం లేకుండా వచ్చి నాతో మెట్టు మీద కూర్చుంటుంది.

పోయిన వానల్లో నాకు జ్వరం తగిలింది. నేను పడుకున్నన్నాళ్లూ బోణీ వాడే చేశాడు. లేచి వెళ్లేసరికి కొట్టాయన చొక్కా భుజాలమీంచి వేలాడుతోంది, మంచం మళ్లీ మీటరు బోర్డు కిందికొచ్చింది. తెల్లచొక్కా నన్ను చూసి లేచి నిలబడి చోటిచ్చాడు.

"ఒంట్లో ఎలగుంది మాఉసీ? సిక్కిపోనారు. మందులేసుకుంటన్నారా? ఈ వయసులో ఇంత పొద్దున్నే నడిచి రాకూడదు. మెట్టు తడిగా ఉంది, జాగర్త."

అందులో ఏ సెక్షనూ లేదు. నేను వెతికాను. వాడికి ముప్పై చిల్లర, నాకు అరవై దాటి చాలా అయింది. వాడికి తొందరేమీ లేదు.

మీ చదువులో ఎక్కడైనా ఆ సెక్షను కనబడితే నాకు చెప్పండి. కనబడకపోయినా ఫరవాలేదు. మీరు బరంపురంలోనే ఉంటే, పొద్దున్నే లేచే అలవాటుంటే, తువ్వాలు ఎవరికైనా అవసరమే కదా. కొట్టు తొమ్మిదికి తీస్తారు. కాస్త ముందే రండి.